బ్రౌజర్ పదేపదే మూతపడుతుంటే ఫార్మాట్ దాకా వెళ్లకండి

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో బిల్లింగ్ చూసినా, విరుదునగర్‌లో పప్పులు, నూనెల వ్యాపారి దగ్గర లెక్కలు రాసినా మన పనిలో సగం ఇప్పుడు బ్రౌజర్‌లోనే జరుగుతోంది. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్ లేనిదే లారీ కదలదు. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి గడువులు. ట్యాబ్‌లన్నీ ఒకేసారి తెరిచేది ఆ రోజుల్లోనే, క్రోమ్ మూతపడేదీ అప్పుడే. కొత్త సిస్టమ్ అడిగితే యజమాని ‘ఈ నెల గడవనీ’ అంటారు. ఉన్నదాంతోనే నెట్టుకురావాలి.

ముందు పని కాపాడుకోండి. ఎడ్జ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ రెండో బ్రౌజర్‌గా పెట్టుకుని, అందులో పోర్టల్ లాగిన్ పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. సబ్మిట్ నొక్కాక బ్రౌజర్ పడిపోతే వెంటనే మళ్లీ నొక్కకండి. ఈ-వే బిల్ పుట్టిందేమో జాబితాలో చూడండి. పొరపాటున రెండు పుడితే అదనపుదాన్ని 24 గంటల్లోపే రద్దు చేయాలి. చలాన్ డబ్బు కట్టేటప్పుడు పడిపోతే చలాన్ హిస్టరీ, బ్యాంకు ఖాతా రెండూ చూశాకే మళ్లీ కట్టండి.

తర్వాత, పడిపోతున్నది ఏమిటో తేల్చుకోండి. ఒక్క ట్యాబే పోతుంటే తప్పు ఆ సైట్‌దో, మెమొరీ చాలకపోవడమో. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే ఏ ట్యాబ్ ఎంత మెమొరీ తింటోందో కనిపిస్తుంది. బ్రౌజర్ మొత్తం మూతపడుతుంటే ఈ వరుసలో వెళ్లండి.

మొదట ఇన్‌కాగ్నిటో విండోలో పనిచేసి చూడండి. మామూలుగా అందులో ఎక్స్‌టెన్షన్లు నడవవు. అక్కడ నిలకడగా ఉంటే ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా ఆపి దోషిని పట్టండి. ఫలితం లేకపోతే కొత్త ప్రొఫైల్ తెరవండి. అదీ పడిపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద ఉన్న గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి, బ్రౌజర్ మూసి తెరవండి. పాత గ్రాఫిక్స్ డ్రైవర్లతో ఇదే తరచూ తగాదా. ఒకేసారి నాలుగు మార్చకండి. బాగైనా ఏది బాగుచేసిందో తెలియదు.

వెర్షన్ కూడా చూడండి. విండోస్ 7కు వచ్చిన చివరి క్రోమ్ 109, అదీ 2023 జనవరిలో. ఆ సిస్టమ్ మీద ఎన్ని రిపేర్లు చేసినా తాత్కాలికమే. విండోస్ 10కి కూడా మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ఒక కేసు తీసుకుందాం. 4 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో ట్యాలీ, వాట్సాప్ వెబ్, పదిహేను ట్యాబ్‌లు నడుస్తున్నాయి. క్రోమ్ పడిపోతోంది. కొత్త ప్రొఫైల్‌లోనూ అంతే. ట్యాబ్‌లు తగ్గించి ఫైర్‌ఫాక్స్ తెరిస్తే అదీ పడిపోయింది. రెండు బ్రౌజర్లూ పడిపోతున్నాయంటే అనుమానం సిస్టమ్ మీదికి మళ్లాలి. పని సేవ్ చేసుకుని విండోస్ మెమొరీ డయాగ్నస్టిక్ నడపండి. అందులో తప్పు కనిపిస్తే ర్యామ్ మార్చడమే దారి. సిస్టమ్ మొత్తం రీస్టార్ట్ అవుతుంటే వేడి, దుమ్ము పట్టిన ఫ్యాన్, పవర్ సప్లై మెకానిక్‌కు చూపించండి. మన ఎండలకు, మిల్లుల దుమ్ముకు ఇది మామూలే.

మూడు జాగ్రత్తలు. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా తీసేయమనే టిక్ పెడితే, సింక్ లేని సిస్టమ్‌లో బుక్‌మార్కులు, పాస్‌వర్డులు పోతాయి. ముందే ఎక్స్‌పోర్ట్ చేయండి. రెండోది, ‘బ్రౌజర్ అప్‌డేట్ చేయండి’ అని ఏదో సైట్‌లో వచ్చే పాపప్ నొక్కకండి. అప్‌డేట్ బ్రౌజర్ సెట్టింగ్స్ నుంచే చేయాలి. మూడోది, సపోర్ట్ పేరుతో ఫోన్ చేసినవాళ్లకు స్క్రీన్ అప్పగించకండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఎప్పుడు పడిపోయింది, ఏ సైట్‌లో, ఏం మార్చారు అన్నది ఒక కాగితం మీద రాస్తూ ఉండండి. ‘సిస్టమ్ బాగాలేదు’ అంటే యజమాని వినరు. గడువు రోజున ఎన్ని గంటలు పోయాయో లెక్క చూపిస్తే ర్యామ్‌కైనా డబ్బు తీస్తారు. రెండో బ్రౌజర్ మాత్రం ఈరోజే పెట్టుకోండి. 20వ తేదీ సాయంత్రం దాకా ఆగకండి.