మందు ఎవరికి? ఎప్పుడు?

(బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి వ్యాసం)

మా ఊళ్లో ‘మందు’ అంటే చేనుకు కొట్టేది. గోదావరిఖనిలో గని కార్మికునికి ‘మందు’ అంటే బొగ్గు పేల్చేది. ఆసుపత్రిలో అదే మాటకు అర్థం వేరు. మూడింటికీ ఒకే మాట ఎట్లా వచ్చిందో తెలుగు లెక్చరర్లు చెప్పాలి. ఈ మూడూ గుండె దగ్గర కలుస్తాయని మాత్రం రసాయన శాస్త్ర విద్యార్థిగా నేను చెప్పగలను. అయితే ఆ సంగతి నేను క్లాసులో నేర్చుకోలేదు.

నిరుడు పత్తి ఏరే రోజుల్లో మా బాపుకు చేనులోనే ఛాతీ పట్టేసింది. “గ్యాసే అయ్యుంటది బిడ్డా, సోడా తాపు” అన్నరు అందరూ. తాపినం. తగ్గలేదు. పక్కింటి కాక గనిలో పనిచేసి రిటైరైనవాడు. ఆయనకు గుండెజబ్బు ఉంది, నాలుక కింద పెట్టుకునే గోలీ ఎప్పుడూ జేబులో ఉంటది. ఉరికిపోయి ఆ గోలీ తెచ్చి బాపు నాలుక కింద పెట్టింది నేనే. బాపు అప్పుడు నిలబడే ఉన్నడు. కాసేపటికే చెమటలు పట్టి, కళ్లు తిరిగి, గట్టు మీద కూలిపోయిండు. ఆసుపత్రికి చేరేసరికి మూడు గంటలు దాటింది. ఇ.సి.జి. తీసిన డాక్టరు గారు నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగారు: “బి.పి. చూసి ఇచ్చావా?”

బాపు బతికాడు. ఆ ప్రశ్నకు జవాబు కోసం చదివినదే ఈ వ్యాసం.

ఆ గోలీలో ఉన్నది నైట్రేట్ జాతి మందు. ఈ జాతికి పెద్దన్న నైట్రోగ్లిజరిన్. 1847లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో అస్కానియో సొబ్రెరో దీన్ని మొదట తయారుచేశాడు. కొద్దిగా రుచి చూస్తే విపరీతమైన తలనొప్పి వచ్చింది. ఆల్ఫ్రెడ్ నోబెల్ దీన్ని ఒక రకం మట్టిలో ఇంకించి డైనమైట్ చేసి 1867లో పేటెంట్ పొందాడు. మన బొగ్గు గనుల్లో ఇప్పుడు ఎమల్షన్ రకాలు వచ్చాయి గాని, నైట్రోగ్లిజరిన్ కలిసిన పేలుడు మందులే చాలాకాలం వాడారు. 1879లో లండన్ వైద్యుడు విలియం మరెల్ ఇదే పదార్థం గుండెనొప్పిని తగ్గిస్తుందని ‘లాన్సెట్’ పత్రికలో రాశాడు. 1896లో మరణించిన నోబెల్‌కు కూడా చివరి రోజుల్లో డాక్టర్లు రాసిన మందు అదే!

ఇది ఎట్లా పనిచేస్తుంది? శరీరంలో దీనినుండి నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. అది రక్తనాళాల గోడల కండరాన్ని సడలిస్తుంది. ఈ వాయువు పాత్రను కనుగొన్న ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ముఖ్యంగా సిరలు వెడల్పు కావడంతో గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది, గుండె మోసే బరువు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. నాలుక కింద పెడితే కాలేయం దాకా పోకుండానే నేరుగా రక్తంలో కలుస్తుంది కనుక నిమిషాల్లో పనిచేస్తుంది.

బాపు పడిపోయిన కారణమూ ఇందులోనే ఉంది. నిలబడ్డ మనిషికి సిరలు వెడల్పయితే రక్తం కాళ్లలోకి దిగుతుంది, బి.పి. పడిపోతుంది. పైగా బాపుకు దెబ్బతిన్నది గుండె కింది గోడ, దానితోపాటు కుడి జఠరిక. దెబ్బతిన్న కుడి జఠరిక తిరిగివచ్చే రక్తం మీదనే ఆధారపడి నడుస్తుంది. ఆ రక్తాన్నే నేను తగ్గించాను. అందుకే బి.పి. తక్కువున్నవారికి, సిల్డెనాఫిల్ వంటి మాత్రలు వేసుకున్నవారికి ఈ గోలీ ప్రమాదం.

మరో సంగతి. నైట్రేట్ నొప్పిని తగ్గిస్తుంది గాని, గుండెపోటుకు మూలమైన రక్తపు గడ్డను కరిగించదు. గడ్డ పెరగకుండా ఆపేది మామూలు ఆస్పిరిన్. అది ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తుంది. 1988లో ప్రచురించిన ఐసిస్-2 పరిశోధనలో 17,187 మంది రోగులను పరిశీలించారు. ఆస్పిరిన్ ఒక్కటే అయిదు వారాల మరణాలను 23 శాతం, గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ 25 శాతం, రెండూ కలిస్తే 42 శాతం తగ్గించాయి. గుండెపోటు అనుమానంలో సుమారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను నమిలిస్తారు. ఆస్పిరిన్ పడనివారికి, కడుపులో రక్తస్రావం ఉన్నవారికి, పక్షవాతం అనుమానమున్నవారికి ఇవ్వరాదు. గడ్డను కరిగించే మందు వల్ల మెదడులో రక్తస్రావం జరిగే అపాయముంది కనుక ఇ.సి.జి. చూసి ఆసుపత్రిలోనే ఇస్తారు. అది ఎంత తొందరగా అందితే గుండె కండరం అంత మిగులుతుంది. సోడా తాపుతూ మేము పోగొట్టుకున్నది ఆ కాలాన్నే.

ఇక బి.పి. పెరిగిందని కంగారుపడి నిఫెడిపిన్ క్యాప్సూల్ పగలగొట్టి నాలుక కింద పోయడం ఒకప్పుడు ఎక్కడ చూసినా ఉండేది. దానితో బి.పి. ఒక్కసారిగా కూలి, మెదడుకు, గుండెకు రక్తం అందక పక్షవాతాలు, గుండెపోట్లు వచ్చాయి. ఈ పద్ధతి ఆపాలని 1996లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వైద్యులు రాశారు. నిజమైన ఎమర్జెన్సీలో కూడా మొదటి గంటలో సాధారణంగా నాలుగోవంతుకు మించి దించరు. లాబెటలాల్ వంటి మందును రక్తనాళంలోకి ఎక్కిస్తూ, కొలుస్తూ మెల్లగా దించుతారు.

చేనుకు కొట్టే మందు సంగతి మిగిలింది. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు కొట్టేటప్పుడు ఒంటికి పడితే నోట్లో నురగ రావచ్చు, గుండె వేగం మందగించవచ్చు. దానికి విరుగుడు అట్రోపిన్ అని మా రైతులకూ తెలుసు. అదే అట్రోపిన్ ఇంజక్షన్‌ను, పురుగుమందుతో సంబంధం లేకుండా గుండె మరీ నెమ్మదించినప్పుడూ ఇస్తారు. గుండె పూర్తిగా ఆగితే అడ్రినలిన్ ఇస్తారు. కాని అది వచ్చేదాకా మన రెండు చేతులే మందు. ఛాతీ నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కాలి.

మిత్రులారా! మనలో చాలామంది గని కార్మికుల, రైతుల ఇండ్ల నుండి వచ్చినవాళ్లమే. ఛాతీ పట్టేసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే గ్యాస్ అనుకోకండి. మనిషిని నడిపించకండి, కూర్చోబెట్టండి. 108కు ఫోన్ చేయండి. వాళ్లు చెప్పినట్లు చేయండి. ఇ.సి.జి. ఉన్న ఆసుపత్రికే తీసుకుపోండి. పక్కింటివాళ్ల గోలీ అడగకండి.

బాపు ఇప్పుడు బరువు పని చేయలేడు. గట్టు మీద కూర్చుండి పత్తి ఏరేవాళ్లకు పని చెప్తడు. “నువ్వు మంచికే ఇచ్చినవ్ గదా కొడుకా” అంటడు. కాకకు ప్రాణం నిలిపే ఆ గోలీ, నేను తెలియక ఇచ్చిన ఆ పొద్దు, మా బాపుకు గని మందే అయింది.