భయపడేది మాత్రకా, షుగరుకా?

ఈసారి జంగారెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ షుగరు గురించే. ఊళ్ల పేర్లు తీసేసి వేస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 52. పామాయిల్ తోట, కాస్త పొగాకు సాగు ఉన్నాయి. ఆరు నెలల కిందట పరగడుపున 188, తిన్న రెండు గంటలకు 290 వచ్చింది. డాక్టరు గారు మెట్‌ఫార్మిన్ రాశారు. రెండు నెలలు వేసుకుంటే పరగడుపు షుగరు 118కి దిగింది. అలవాటైతే చచ్చేదాకా వేసుకోవాలనీ, కిడ్నీలు పోతాయనీ మా బావమరిది అంటే ఆపేశాను. ఇప్పుడు పొడపత్రి ఆకు, కాకర రసం తీసుకుంటున్నాను. నీరసం ఏమీ లేదు. ఇలాగే ఉండొచ్చా అండి?

జవాబు: ఉండకూడదండి. మీ బావమరిదినీ ఏమనలేను. ఆ మాట ప్రతి ఊళ్లోనూ అరుగుల మీద వినపడేదే. అది ఎలా పుట్టిందో నాకొక ఊహ ఉంది. ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరు, బీపీ కిడ్నీలను దెబ్బతీస్తాయి. కిడ్నీ బాగా దెబ్బతింటే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది కనుక మేం డోసు తగ్గిస్తాం, మరీ ఎక్కువైతే ఆపేస్తాం. ఆపడం చూసినవాళ్లు మాత్ర వల్లే కిడ్నీ పోయిందని లెక్క కట్టారు.

118 వచ్చింది మాత్ర పనిచేసినందుకు. మోటారు కట్టేశాక కూడా బోదెలో కాసేపు నీళ్లు పారతాయి, అది చూసి మోటారు అక్కర్లేదనుకుంటామా?

పొడపత్రి సంగతి వేరు. ఆ ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసక నమిలినట్టుంటుంది. నాలుక మీద తీపిని తెలియనివ్వని గుణం దానికి నిజంగానే ఉంది. దాంతో ఒంట్లో షుగరు కూడా చచ్చిందనుకుంటారు. మాత్ర మాని దాన్నే నమ్ముకోవడానికి తగిన రుజువు మాత్రం లేదు. కాకరకాయ కూర వండుకుని హాయిగా తినండి. ఆకు మందు మీదే నమ్మకమంటారా, మెట్‌ఫార్మిన్ మూలం కూడా ఐరోపాలో పెరిగే ఒక మొక్కలో దొరికిన పదార్థమే. 1957లో ఫ్రాన్సు వైద్యుడు జాన్ స్టెర్న్ దాన్ని షుగరు మందుగా తెచ్చారు. సంతల్లో పేరూ ఊరూ లేకుండా అమ్మే పొడుల జోలికి మాత్రం పోకండి. కొన్నింట్లో ఇంగ్లీషు షుగరు మాత్రలే నూరి కలిపినట్టు పరీక్షల్లో తేలింది.

ఇక నీరసం లేదన్న మాట. 250 ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు. గోదావరి జిల్లాల పల్లెల్లో 30 ఏళ్లు దాటినవారికి పరీక్షలు చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 13 మందికి షుగరు తేలింది. వారిలో చాలామందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. కాబట్టి ఒంటిని అడక్కండి, రక్తాన్ని అడగండి. హెచ్‌బీఏ1సీ చేయించుకుంటే గడచిన మూడు నెలల సరాసరి బయటపడుతుంది. పరీక్షకు మూడు రోజుల ముందు అన్నం తగ్గించి వచ్చేవాళ్లు నా దగ్గరకు బోలెడుమంది వస్తారు, ఈ పరీక్ష దగ్గర వారి ఆటలు సాగవు. క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, కంటి రెటీనా పరీక్షలు కూడా ఏడాదికోసారి చేయించండి. మాత్ర మళ్లీ మొదలెట్టడానికి మీ డాక్టరును ఈ వారమే కలవండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉచితం. కొత్తగా షుగరు వచ్చినవారు బాగా బరువు తగ్గితే కొందరికి మాత్ర ఆపడం కుదురుతుంది. ఆపాల్సింది పరీక్షలు చూసిన డాక్టరు, బావమరిది కాదు.

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగరు. గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతోంది. మంగళవారం ఉపవాసముండి గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామికి ఎండలో వట్టి కాళ్లతో ప్రదక్షిణలు చేస్తుంది. మొన్న చెమటలు పట్టి గుడి దగ్గరే కూలబడింది. ఇంటికొచ్చాక చూస్తే అరికాలికి బొబ్బ. నొప్పేమీ లేదు, వదిలేయమంటోంది.

జవాబు: నొప్పి లేదు కనుకే వదలకూడదు. కాలిన చోట మంట తెలియలేదంటే పాదంలో నరాల స్పర్శ పోయిందన్నమాట. బొబ్బ చిదపకండి. పసుపు, పొగాకు పొడి లాంటివి అద్దకండి. రేపటికి వాయిదా వేయకుండా డాక్టరుకు చూపించండి. మానాక కూడా ఎండెక్కిన రాతి మీద వట్టి కాళ్లతో నడవనివ్వకండి. తెల్లవారుజామున వెళ్లమనండి, మందపాటి నూలు మేజోళ్లు వేసుకోనిస్తారేమో గుడిలో అడగండి. రోజూ రాత్రి కిందొక అద్దం పెట్టి అరికాళ్లు చూడటం మీ పని.

కూలబడటానికి కారణం బహుశా షుగరు పడిపోవడమే. గ్లిమిపిరైడ్ తిండి ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ను తోస్తూనే ఉంటుంది. చెమట, వణుకు, తికమక కనిపిస్తే, తెలివి ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి.

అమ్మా, ఉపవాసం మానితే స్వామికి కోపం రాదు. ఉపవాసం ఉండి తీరాలంటే ముందే డాక్టరుతో ఆ రోజు మాత్ర సంగతి మాట్లాడుకోండి. కొంగున పంచదార పొట్లం కట్టుకోండి.

ప్రశ్న: ఆత్రేయపురం బెల్లం పూతరేకులు షుగరువాళ్లు తినొచ్చట, నిజమేనా?

జవాబు: కాదండి. బెల్లం కూడా చక్కెరే, రంగే తేడా. చుట్టిన రేకు కూడా బియ్యప్పిండిదే. పండక్కి ఒకటి తిని, ఆ పూట అన్నం తగ్గించండి.

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. పదకొండో ఏట నుంచి ఇన్సులిన్ మీద ఉంది. సంబంధం కుదిరేలా ఉంది. పెళ్లయ్యేదాకా చెప్పొద్దని మా అన్నయ్య పట్టుబడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: దాస్తే ముందు నష్టపోయేది మీ అమ్మాయే. ఆమెది టైప్ 1, ఒంట్లో ఇన్సులిన్ తయారుకాదు. అత్తారింట్లో సూది దాచుకోబోయి రెండు పూటలు మానేస్తే కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లాడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవారు కారు. ఇప్పుడు వాళ్లు చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లల్ని కంటున్నారు. ఆ కనడానికి కూడా ముందు నుంచే షుగరు అదుపులో ఉండాలి. భర్తకు తెలియకుండా అది జరిగే పనేనా?

పెళ్లిచూపుల్లోనే చాటనక్కర్లేదు. తాంబూలాలకు ముందు అబ్బాయితో అమ్మాయినే మాట్లాడనివ్వండి. కుదిరితే ఇద్దర్నీ ఒకసారి ఆమె డాక్టరు దగ్గరకు పంపండి.