గౌరిబిదనూరులో ఏముంది?

"అక్కడ ఏముందని పోతారు?" అని అడిగేవాళ్లు నాకు రెండు వైపులా ఉన్నారు. బెంగళూరు బంధువులకు గౌరిబిదనూరంటే హిందూపురం పోతుంటే మధ్యలో వచ్చే స్టేషను. హిందూపురం స్నేహితులకు బెంగళూరు పోతుంటే మధ్యలో వచ్చే స్టేషను. అందరూ కిటికీలోంచి చూసినవాళ్లే, దిగినవాళ్లు లేరు. చిక్కబళ్లాపురం జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని, ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న తాలూకా కేంద్రం అది. అక్కడ దిగి, లాడ్జిలో గది తీసుకుని, పనేమీ పెట్టుకోకుండా గడపడం ఉద్యోగ విరమణ తర్వాత నాకు అబ్బిన అలవాటు. మా ఇంట్లో చిన్నవాళ్లు శని, ఆదివారాల్లో ఒక కోట, రెండు గుళ్లు, ఒక రిసార్టు చుట్టేసి సోమవారం పొద్దున ఆఫీసులో నిద్రపోతారు. వాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు రాసిపెడుతున్నాను. వినడం, వినకపోవడం వాళ్ల ఇష్టం.

1. రైల్లో పొండి, అదీ అన్ని స్టేషన్లలో ఆగే రైల్లో.

కారులో పోతే దొడ్డబళ్లాపురం దాటాక కనబడేది ముందున్న లారీ వెనక భాగమే. ప్యాసింజరు రైల్లో పోతే మాకళిదుర్గం దగ్గర పట్టాలు కొండల మధ్యలోకి దూరతాయి. పైన పాత కోట, కింద గుండ్రాళ్లు, మధ్యలో మనం. తర్వాత తొండెబావి, అక్కడి సిమెంటు ఫ్యాక్టరీ. ఎలహంకలో ఎక్కినవాళ్లు కన్నడంలో మొదలుపెట్టిన మాట ఎక్కడో ఈ కొండల మధ్యే తెలుగులోకి జారుతుంది. ఏ స్టేషన్లో జారిందో పట్టుకోవాలని నేను చాలాసార్లు చెవి పెట్టాను, దొరకలేదు.

2. "ఊరికే వచ్చాను" అంటే ఎవరూ నమ్మరు. అయినా అదే చెప్పండి.

టీ అంగడి దగ్గర బెంచీ మీద కూర్చుంటే మొదటి రోజే విచారణ మొదలవుతుంది.

"యాడ నుంచి వచ్చినారు సామీ?"

"అనంతపురం."

"సైటు చూడను వచ్చినారా?"

"లేదప్పా, ఊరికే."

"ఊరికే ఎవరొస్తారు సామీ ఈడికి!"

బెంగళూరు ఇటు పాకుతున్నప్పటి నుంచి కొత్త మనిషి కనబడితే భూమి కొనడానికే వచ్చాడనుకుంటారు. రెండో రోజు అదే బెంచీ మీద కనబడితే బ్రోకరు అనుకుంటారు. ఆ తర్వాత కూడా అక్కడే ఉంటే ఇక అనుకోవడం మానేసి, వాళ్ల సంగతులు చెప్పడం మొదలుపెడతారు. ఎవరి బోరులో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి, ఎవరి కూతురు బెంగళూరులో ఏ కంపెనీలో చేరింది, మొక్కజొన్నకు ఈసారి ధర ఎందుకు పడిపోయింది. ఏ గైడు పుస్తకంలోనూ లేనివి ఇవే. తొందరపడేవాడు బ్రోకరు దశలోనే ఊరు విడిచి వెళ్లిపోతాడు.

3. బోర్డులు కన్నడం, నోళ్లు రెండూ.

ఇక్కడ ఒకే మనిషి బస్సు కండక్టరుతో కన్నడం, పక్కనున్న భార్యతో తెలుగు, ఫోనులో కొడుకుతో రెండూ కలిపి మాట్లాడతాడు. ఇందులో వింతేమీ లేదు, పోట్లాట అంతకన్నా లేదు. ఇదే జిల్లా చింతామణి తాలూకాలోని కైవారంలో నారేయణ యతీంద్రులు, అంటే జనం నోట కైవారం తాతయ్య, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పారు. విన్నవాళ్లు రెండూ తమవే అనుకున్నారు. మన ప్రమాణ భాష అక్కడ గొప్పగా ప్రదర్శించబోకండి. మీరు టీవీ వార్తలు చదువుతున్నట్టు ఉంటుంది వాళ్లకు.

4. ముద్ద తినడం నేర్చుకోండి.

మనవైపు సంగటిలో బియ్యం నూక పడుతుంది. ఇక్కడి ముద్ద ఉత్త రాగిపిండే. ఎసట్లో పిండి పోసి, కాసేపు ఉడకనిచ్చి, గిన్నెను కాళ్లతో అదిమిపట్టి తెడ్డుతో గెలుకుతారు. ఒక్క ఉండ కట్టినా చేసినవాళ్ల పరువు పోతుంది. తడి చేత్తో గుండ్రంగా చేసి, పొగలు కక్కుతుండగా వడ్డిస్తారు. వేళ్లతో కొంచెం తుంచి, సారులో ముంచి, నమలకుండా మింగాలి. నమిలారో, పంటికి అతుక్కుని మాట పెగలదు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు.

ముద్దకు సరిజోడు బస్సారు. ఆకుకూర, అలసందలో పెసలో కలిపి ఉడికించి నీళ్లు వార్చుతారు. గట్టిగా మిగిలినదానికి కొబ్బరి, తిరగమోత వేస్తే పల్యం. వార్చిన నీళ్లలో వేయించి రుబ్బిన మసాలా కలిపి కాచితే సారు. ఒకే కుండలోంచి కూరా, పులుసూ రెండూ. మెట్ట ప్రాంతపు ఆడవాళ్లు వార్చిన నీళ్లను కూడా పారబోయలేదు చూడండి. ఇది స్టార్ హోటల్లో దొరకదు. మధ్యాహ్నం ఒంటిగంట లోపల చిన్న మెస్సులో దొరుకుతుంది, రెండింటికి పోతే చిత్రాన్నమే గతి.

5. విదురాశ్వత్థానికి రెండుసార్లు పొండి.

హిందూపురం దారిలో కొద్ది కిలోమీటర్ల దూరం. ఒకసారి నాగుల కోసం, ఇంకోసారి 1938 కోసం. రెండూ ఒకే పూట పెట్టుకుంటే ఏదీ మనసుకు పట్టదు.

విదురుడు నాటిన రావిచెట్టు అని స్థల పురాణం. ఆ పాత చెట్టు కూలిపోయింది, రాళ్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. పిల్లలు కావాలని, నాగదోషం పోవాలని మొక్కుకున్నవాళ్లు ప్రతిష్ఠించిన నాగశిలలు వేలల్లో ఉంటాయి. దగ్గరికి పోయి ఒక్కొక్కటే చూడండి. పెనవేసుకున్న జంట పాములు, ఏడు పడగల ఒంటి పాము, రెండు పాముల చుట్టల మధ్య ఇరుక్కుని నిలబడ్డ చిన్ని కృష్ణుడు. కొత్తవాటి అంచులు ఇంకా పదునుగా ఉంటాయి. పాతవి పసుపు, కుంకుమ, పాలు తాగి తాగి పడగ ఎక్కడో కన్నెక్కడో తెలియకుండా నున్నబడ్డాయి. అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు తమ తాత పెట్టిన రాయిని వెతుక్కుంటూ ఆ వరసల్లో తిరుగుతుంటారు. అన్ని వేల రాళ్లలో అది దొరికితే వాళ్ల మొహాలు చూడాలి.

ఇక రెండోసారి పోయేటప్పుడు గుడి వైపు కాకుండా స్మారకం వైపు తిరగండి. అప్పట్లో ఇది మైసూరు మహారాజు సంస్థానం. కాంగ్రెస్ జెండా ఎగరేయడం నిషేధం. 1938 ఏప్రిల్‌లో మద్దూరు దగ్గర శివపురంలో జెండా ఎగరేశారు, అదే ఊపు ఇక్కడికీ వచ్చింది. ఏప్రిల్ 25న ఇక్కడి తోపులో జనం చేరారు. పోలీసులు వచ్చారు, లాఠీలు లేచాయి, ఆ తర్వాత తుపాకులు పేలాయి. సర్కారు లెక్క పది మంది. స్మారకం మీది పేర్లు ముప్పైకి పైన. ఆ తేడా దగ్గర కాసేపు నిలబడండి, చదువుకున్న చరిత్ర పుస్తకాల మీద అనుమానం పుడుతుంది, అది మంచిదే. గాంధీజీ తరఫున పటేల్, కృపలానీ మైసూరు వచ్చి దివాను మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడారు. మైసూరు జెండాతో పాటు కాంగ్రెస్ జెండా కూడా ఎగరేసుకోవచ్చని ఒప్పందం కుదిరింది. దక్షిణాది జలియన్‌వాలా బాగ్ అంటారు ఈ చోటును. నాకు ఆ పేరు నచ్చదు. ఇక్కడ చచ్చిపోయినవాళ్లకు పంజాబు పేరు అరువు తేవాల్సిన పనేముంది? మన పాఠ్యపుస్తకాల్లో విదురాశ్వత్థం అని సొంత పేరుతో ఉంటే చాలదా?

6. ఊరి పెద్దమనిషి ఎవరో కనుక్కోండి.

ప్రతి చిన్న ఊరికీ ఒకరుంటారు. గౌరిబిదనూరుకు హెచ్. నరసింహయ్య. ఈ తాలూకా హోసూరులో 1920లో పేద ఇంట పుట్టాడు. పై చదువు కోసం 1935లో బెంగళూరు దాకా నడిచే వెళ్లాడు. డెబ్బై ఎనభై కిలోమీటర్లు. మీరు ఏసీ బస్సు ఆలస్యమైందని చిరాకుపడే దూరం అది. 1936లో గాంధీజీ ఆయన చదివే హైస్కూలుకు వస్తే హిందీ ఉపన్యాసాన్ని కన్నడంలో చెప్పింది ఈ కుర్రాడే. అమెరికాలో అణు భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి తిరిగొచ్చి, నేషనల్ కాలేజీ ప్రిన్సిపాలు అయ్యాడు, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యాడు. బాబాల మహిమలను పరీక్షించడానికి 1976లో కమిటీ వేసి పెద్ద దుమారం లేపాడు. పెళ్లి చేసుకోలేదు. 2005లో పోయేదాకా కాలేజీ హాస్టలు గదిలోనే కాపురం. గౌరిబిదనూరు, బాగేపల్లి నేషనల్ కాలేజీల వెనక ఉన్నది ఆయన చలవే. నాగశిలలకు మొక్కే ఊరి పక్కనే మహిమల్ని నిలదీసిన మనిషి పుట్టాడు. దీన్ని వైరుధ్యం అని నేను అనను. అన్నీ చూస్తూ పెరిగాడు కాబట్టే అడగగలిగాడేమో.

7. ఈ ఊరు దేన్ని వింటోందో తెలుసుకోండి.

ఇది చాలామంది బెంగళూరువాళ్లకే తెలియదు. గౌరిబిదనూరు దగ్గర భూమిని వినే యంత్రాలున్నాయి, ఆకాశాన్ని వినే యంత్రాలూ ఉన్నాయి. భాభా అణు పరిశోధన కేంద్రం 1965 ప్రాంతంలో బ్రిటిషువాళ్ల సాయంతో ఇక్కడ భూకంపమాపకాల వరస ఒకటి పెట్టింది. ఎల్ ఆకారంలో రెండు చేతులుగా కిలోమీటర్ల పొడవున. ఎందుకు ఇక్కడే? కింద ఉన్నది అతి పాత గట్టి రాయి, సముద్రపు హోరు దూరం, ఊళ్ల సందడి తక్కువ. ప్రపంచంలో ఎక్కడో భూమి కంపించినా, ఎవరైనా గుట్టుగా భూగర్భంలో అణుపరీక్ష చేసినా ఆ కుదుపు ఇక్కడికి చేరుతుంది.

రెండోది రేడియో టెలిస్కోపు. 1976లో మొదలైంది. భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి పెట్టాయి. సి.హెచ్.వి. శాస్త్రి దీని వెనక ఉన్న శాస్త్రవేత్తల్లో ముఖ్యుడు. టెలిస్కోపు అంటే పెద్ద గిన్నె ఊహించుకుంటే నిరాశే. స్తంభాలు, వాటి మధ్య తీగలు, బట్టలారేసే దండేల్లా. అలాంటివి వెయ్యి, టి ఆకారంలో, పొడవాటి చెయ్యి కిలోమీటరుకు పైనే. అది వినేది 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర. అంటే ఒక్కో అల పొడవు తొమ్మిది మీటర్లకు కాస్త తక్కువ. అంత పొడుగు అలలను పట్టాలంటే ఇంత పొలం కావాలి, చుట్టూ కొండలు అడ్డుండాలి, నగరం దూరంగా ఉండాలి. తర్వాత 1990లలో సూర్యుడి కోసమే ఇంకో పరికరాల వరస కూడా వచ్చింది. ముందస్తు అనుమతి లేనిదే లోపలికి పంపరు, గేటు దగ్గర గొడవ పెట్టుకోకండి.

ఇదే జాతి టెలిస్కోపు, ఇంతకన్నా పెద్దది, యుక్రెయిన్‌లో ఉంది. ఖార్కివ్ ప్రాంతంలో హ్రాకొవె అనే చిన్న ఊరి దగ్గర. అదీ టి ఆకారమే, అదీ పొడుగు అలలే, అదీ 1970లదే. ఖార్కివ్ పేరు 2022లో మన ఇళ్లల్లో బాగా వినబడింది. అక్కడ వైద్యం చదువుతున్న మన పిల్లలు బంకర్లలో దాక్కుని, రైళ్లెక్కి సరిహద్దులు దాటి ఇళ్లు చేరారు. ఆ ఏడే రష్యా సైన్యం హ్రాకొవె వైపు వచ్చి, టెలిస్కోపు ఆవరణలో మకాం వేసి, దాన్ని పాడుచేసి పోయింది. అక్కడ కూడా ఏ తీరుబాటు యాత్రికుడో లాడ్జిలో దిగి, బజారులో కూర్చుని, "ఇక్కడ ఏముందని వచ్చావు?" అనిపించుకుని ఉంటాడు ఒకప్పుడు. నిశ్శబ్దంగా ఉందనే కదా రెండు ఊళ్లనూ ఎంచుకున్నారు. వాళ్ల నిశ్శబ్దాన్ని యుద్ధం తినేసింది. గౌరిబిదనూరుది లేఅవుట్లు తింటాయేమోనని నా బెంగ.

8. నది ఎక్కడుందని అడగండి.

నవ్వుతారు. ఇసుక, కంప చెట్లు, వానాకాలంలో నాలుగు మడుగులు చూపించి, అదే అంటారు. నందికొండల్లో పుట్టి ఇటు వచ్చే ఈ ఉత్తర పినాకినే హిందూపురం దాటి, అనంతపురం, కడప జిల్లాల మీదుగా నెల్లూరు చేరి సముద్రంలో కలిసే మన పెన్న. నెల్లూరువాళ్లను ఒకసారి ఇక్కడికి తీసుకొచ్చి చూపించాలి. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లలో ఫ్లోరైడు కూడా వచ్చింది ఈ ప్రాంతానికి. ఇప్పుడు చెరువులు కొన్ని నిండుతున్నాయి, బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగును శుద్ధిచేసి పంపే పథకంతో. దాన్ని హెచ్.ఎన్. వ్యాలీ అంటారు. నరసింహయ్యగారి హెచ్.ఎన్. వేరు, ఈ హెచ్.ఎన్. వేరు, కలిపేయకండి. ఆ నీళ్లు మంచివా కావా అని టీ అంగట్లో అడిగితే సాయంత్రం దాకా లేవరు, ఎవరికి వారు ఒక డాక్టరు.

9. తిరుగు ప్రయాణం వచ్చిన దారిలో వద్దు.

గుడిబండె మీదుగా బాగేపల్లి బస్సెక్కండి. గుడిబండెలో దిగి, మోకాళ్లు సహకరిస్తే కోట ఎక్కండి. పైనుంచి చూస్తే కింద అమానిభైరసాగరం చెరువు భారతదేశం పటంలా కనబడుతుందని అందరూ చూపిస్తారు. నిండినప్పుడే ఆ ఆకారం, ఎండితే తమిళనాడు, కేరళ మాయం. దిగాక బాగేపల్లి చేరితే అక్కడ బెంగళూరు, హైదరాబాదు జాతీయ రహదారి. ఏ వైపు బస్సయినా చెయ్యెత్తితే ఆగుతుంది. సాయంత్రం ఆరు దాటితే సీటు దొరకడం కష్టం, నడుం నొప్పి ఉన్నవాళ్లు నాలుగింటికే బస్టాండుకు చేరండి.