పిల్లలకు ఏ సంగీతము నేర్పించుదము?

పఠన భాగములు: 1 దినవృత్తాంతములు 25:1–8, 1 కొరింథీయులకు 14:15



దావీదు దినములలో యెహోవాకు పాడుటయందు నేర్పు పొందినవారి లెక్క 288 అని చదువుచున్నాము. వంతులకు చీట్లు వేయునప్పుడు చిన్నవాడని, పెద్దవాడని, గురువని, శిష్యుడని భేదము చూడలేదు. అనగా పాట నేర్పవలసినది, నేర్చుకొనవలసినది. కొందరికే గొంతు వరముగా వచ్చునని, తక్కినవారు వినిన చాలునని మనము అనుకొనరాదు.

కోయంబత్తూరు, మధురై పాత తెలుగు పేటలలో ఐదారేండ్ల బిడ్డకు సంగీతము అనగానే ముందు తోచునది కీబోర్డు క్లాసు. పరీక్షలుండును, సర్టిఫికెట్టు గోడకు తగిలించవచ్చును. కీబోర్డు చెడ్డదని మేము అనము. ఆరాధనలో అది ఉపయోగపడుచునే యున్నది. కాని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి. పాటకు పైన రాగము, తాళము వ్రాసియుండును. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైనవారు మన దేశపు రాగములలోనే కీర్తనలు కట్టిరి. రాగములో స్వరము జారును, ఊగును. కీబోర్డు మీట ఒక్కచోటనే నిలుచును. బిడ్డ చెవికి మీట ఒక్కటే అలవాటైనచో, తాతగారు పాడు కీర్తన వానికి తప్పుగా వినబడును. గనుక మొదట గొంతు నేర్పించుడి. వ్రేళ్లు సాగిన తరువాత, ఎనిమిది తొమ్మిదేండ్లకు, వాయిద్యము చూడవచ్చును.

గాత్రము నేర్పువారు మనకు తరచుగా తమిళులే దొరుకుదురు. అందుకు చింత వలదు. తిరువైయారులో నివసించిన త్యాగరాజు (1767–1847) కృతులు తెలుగువే గదా! తమిళ క్రైస్తవులును ఈ రాగములను దూరముగా నుంచలేదు. తంజావూరు వేదనాయక శాస్త్రియారు (1774–1864) వాటిలోనే క్రైస్తవ కీర్తనలు రచించిరి. అబ్రహాం పండితర్ 1917లో కరుణామృత సాగరం అను గొప్ప సంగీత శాస్త్ర గ్రంథమును ప్రచురించిరి.

అయితే అన్య దేవతల పాటలు నేర్పుదురేమో అని కొందరు జంకుదురు. న్యాయమైన ప్రశ్నయే. సరళీ స్వరములు, జంట స్వరములు, ఏడు తాళముల అలంకారములు, ఇవన్నియు వట్టి స్వరములు. వీటిలో ఏ దేవత పేరును లేదు. చిన్నబిడ్డకు ఇవి చాలకాలము పట్టును. ఆ తరువాత వచ్చు గీతములలోనే దేవతాస్తుతి యుండును. చేర్చుటకు ముందే గురువుగారితో మర్యాదగా మాటలాడుడి: "అయ్యా, గీతములకు బదులు మా కీర్తన ఒకటి అదే తాళములో నేర్పుదురా?" అని అడుగుటలో తప్పులేదు. ఒప్పుకొననివారిని తూలనాడక వేరొకరిని వెదకుడి.

మాకు ఇంతకంటె పెద్ద చిక్కుగా తోచునది అక్షరముల సంగతి. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో తమిళమో ఇంగ్లీషో చదువుదురు. కీర్తన తమిళ లిపిలో వ్రాసికొందురు. తమిళములో క, ఖ, గ, ఘ నాలుగింటికి ఒకటే అక్షరము. త, థ, ద, ధ లకును అంతే. గానము కానమగును, బలము పలమగును. పౌలు మనస్సుతోను పాడుదునని చెప్పెను. మాటయే మారినప్పుడు మనస్సునకు ఏమి అందును? సంగీతమునకు పంపు ప్రతి దినమున పావుగంట తెలుగు అక్షరములు దిద్దించుడి. ఫీజు లేని పని ఇది, అవ్వగారు చేయగలరు.

డప్పు సంగతి కూడ చెప్పవలెను. 1878లో ఒంగోలు ప్రాంతమున వేలకొలది బాప్తిస్మము పొందినవారిలో ఎక్కువమంది డప్పు వాయించు మాదిగ పల్లెలవారు. ఊరి దేవతల జాతరకు వాయించుట మానినప్పుడు డప్పు కూడ చేయి జారెను. ఆ మానుట విశ్వాసము వలననే. కాని డప్పు పేరు చెప్పగానే సిగ్గుపడుట విశ్వాసము వలన వచ్చినది కాదు, లోకులు మనలను చూచిన చూపు వలన వచ్చినది. మధురై అరసరడి వేదశాస్త్ర కళాశాలలో బోధించిన థియోఫిలస్ అప్పావు గారు పల్లె జనుల పాటను, వారి లయను ఆరాధనలోనికి తెచ్చిరి. బిడ్డ చేయి లయకు ఆడుచున్నచో డప్పు నేర్పించుడి. అది కీబోర్డుకు తక్కువ కాదు.

చివరగా శ్రుతి. గుడిలో మగవారు ఒకటి, ఒకటిన్నర కట్టైలో పాట ఎత్తుదురు. పిల్లల గొంతుకు ఐదు, ఐదున్నర హాయి. పెద్దల శ్రుతికి అందుకొనబోయి పిల్లలు అరతురు, గొంతు బొంగురుపోవును. నెలకొక ఆదివారము ఒక్క కీర్తననైనను పిల్లల శ్రుతిలో ఎత్తించి, పెద్దలు మెల్లగా వెనుక పాడునట్లు కాపరిగారిని అడుగుడి.