ఇంటికి ఇల్లు: కౌన్సిల్ ఇళ్ల మార్పిడిపై సందేహాలు - సమాధానాలు

ఇంగ్లండ్‌లో స్థిరపడిన మన కుటుంబాలు కొన్ని కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) ఇళ్లలో, లాభాపేక్ష లేని హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లలో అద్దెకు ఉంటున్నాయి. పిల్లలు పెరిగి ఇల్లు ఇరుకైనా, పెద్దలకు మెట్లు ఎక్కడం కష్టమైనా, కొత్త ఇంటి కోసం వెయిటింగ్ లిస్టులో ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. ఈలోగా ఇంకో అద్దెదారుతో ఇల్లు మార్చుకునే దారి ఒకటుంది. దాన్ని అక్కడ ‘మ్యూచువల్ ఎక్స్ఛేంజ్’ అంటారు. ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు దాని గురించే. ఈ జవాబులు ఇంగ్లండ్‌కే వర్తిస్తాయి. స్కాట్లండ్, వేల్స్ చట్టాలు వేరు.

ప్రశ్న: లిఫ్టు లేని మూడో అంతస్తు కౌన్సిల్ ఫ్లాట్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాం. మాది సెక్యూర్ టెనెన్సీ (చట్టరక్షణ ఉన్న కౌన్సిల్ అద్దె హక్కు). మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో కిందికి దిగలేకపోతున్నారు. మిల్టన్ కీన్స్‌లో కింది అంతస్తు ఇంట్లో ఉన్న హౌసింగ్ అసోసియేషన్ అద్దెదారులు మార్చుకుందామంటున్నారు. మాకు ఆ హక్కుందా?
- ఒక సోదరి, ఈస్ట్ హామ్, లండన్

జవాబు: ఉందమ్మా. సెక్యూర్ టెనెన్సీ ఉన్నవారికి 1985 నాటి హౌసింగ్ యాక్ట్ 92వ సెక్షన్ ఈ హక్కు ఇచ్చింది. ఇది మన ఊళ్లలో కుండమార్పు పెళ్లిలాంటిది. ఒక వైపువాళ్లు సరేనంటే చాలదు. మీ కౌన్సిలూ, వాళ్ల అసోసియేషనూ రెండూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

మీ దరఖాస్తు అందిన 42 రోజుల్లోగా కౌన్సిల్ జవాబివ్వాలి. కాదనదలిస్తే కారణం చెప్పాలి. ఆ కారణాలు కూడా చట్టంలో రాసి ఉన్నవే అయివుండాలి. ఖాళీ చేయమని కోర్టు ఉత్తర్వు ఉండటం, వచ్చేవారి అవసరానికి ఇల్లు మరీ పెద్దది కావడం లేదా సరిపోకపోవడం, వికలాంగుల కోసం మార్పులు చేసిన ఇంట్లోకి ఆ అవసరం లేనివారు రావడం అలాంటివి. గడువులోగా నోటీసు ఇవ్వకపోతే ఆ తర్వాత ఆ కారణాలు చూపి కాదనలేరు. అంతమాత్రాన అనుమతి వచ్చేసినట్టు కాదు. కాగితం చేతికి వచ్చేదాకా కదలకండి.

సంతకానికి ముందు ఇంకో మాట. మీరు మార్చుకుంటున్నది ఇంటిని మాత్రమే కాదు, హక్కులను కూడా. వాళ్ల అద్దె, వాళ్ల షరతులు మీవవుతాయి. ఉంటున్న ఇంటినే తగ్గింపు ధరకు కొనుక్కునే ‘రైట్ టు బై’ కౌన్సిల్ అద్దెదారుగా మీకుంటే, హౌసింగ్ అసోసియేషన్ ఇంటికి మారాక అది పోయే అవకాశమే ఎక్కువ. వాళ్ల టెనెన్సీ జీవితకాలానిదా, కొన్నేళ్లకేనా అన్నది కూడా ఒప్పందం తెప్పించుకుని చదవండి. ఇవన్నీ ఒక పక్కన, మీ అత్తగారు రోజూ బయటి గాలి పీల్చుకోగలగడం ఇంకో పక్కన పెట్టి, ఇంట్లో అందరూ కూర్చుని నిర్ణయించుకోండి.

ప్రశ్న: పిల్లలకు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. మూడు బెడ్‌రూముల కౌన్సిల్ ఇంట్లో నేనూ మా ఆవిడా మిగిలాం. అద్దె సాయంలో కోత పడి రెండు నెలల అద్దె బాకీ పడ్డాం. ఒక బెడ్‌రూం ఇంట్లో ఇరుక్కున్న కుటుంబం మార్చుకుంటామంటోంది. బాకీ ఉంటే కుదరదని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: పూర్తిగా నిజం కాదు. బాకీ ఒక్కటే కారణమైతే, దాన్ని తీర్చాలన్న షరతుతో కౌన్సిల్ అనుమతి ఇవ్వవచ్చు. ఇల్లు ఖాళీ చేయించడానికి ఇప్పటికే నోటీసు ఇచ్చినా, కోర్టుకు వెళ్లినా సంగతి వేరు. అప్పుడు కాదనవచ్చు. ఇద్దరిలో ఒకరిది 2012 ఏప్రిల్‌కు ముందునాటి జీవితకాల టెనెన్సీ, రెండోవారిది కాలపరిమితి ఉన్నది అయితే నియమాలు ఇంకా గట్టివి. అక్కడ బాకీయే నిరాకరణకు కారణం కావచ్చు. అందుకే రెండు ఒప్పందాల తేదీలూ చూసుకోండి.

మీ బాకీ ఎక్కడ పుట్టిందో కూడా చూడండి. పని చేసే వయసులో ఉన్న భార్యాభర్తలకు ఒక పడకగదే లెక్క. ఒక గది ఎక్కువుంటే సాయానికి లెక్కలోకి తీసుకునే అద్దెలో 14 శాతం, రెండు ఎక్కువుంటే 25 శాతం కోస్తారు. 2013 ఏప్రిల్ నుంచి నడుస్తున్న ఈ కోతనే జనం ‘బెడ్‌రూం టాక్స్’ అంటున్నారు. మీకు పడుతున్నది 25 శాతం. చిన్న ఇంటికి మారితే అది ఆగిపోతుంది. వాయిదాల మీద బాకీ తీరుస్తామని కౌన్సిల్‌తో ఇప్పుడే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. పెద్ద ఇల్లు వదిలేవారికి కొన్ని కౌన్సిళ్లు తరలింపు ఖర్చులకు సాయం చేస్తాయి. అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో కౌన్సిల్ ఇంట్లో ఉంటోంది. ఇల్లు మార్చుకుంటానన్న ఆయన పైన 3,000 పౌండ్లు అడుగుతున్నాడట. తాళాలు ముందు, కాగితాలు తర్వాత అంటున్నాడట. డబ్బు పంపమంటారా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: పంపకండమ్మా. కౌన్సిల్ ఇంటి మార్పిడికి డబ్బు ఇచ్చినా, పుచ్చుకున్నా తప్పే. ఇల్లు ఖాళీ చేయించమని కోర్టును అడగడానికి కౌన్సిల్‌కు అదొక్కటే చాలు. అనుమతి లేకుండా తాళాలు మార్చుకుంటే పాత ఇల్లూ కొత్త ఇల్లూ రెండూ చేజారే ప్రమాదముంది.

అమ్మాయిని ఆ ఇంటికి వెళ్లి, వీలైతే వాన కురిసిన రోజున, నిదానంగా చూడమనండి. మార్పిడిలో ఇల్లు ఉన్నది ఉన్నట్టే తీసుకోవాలి. పాతవాళ్లు పగలగొట్టిన తలుపు, వదిలేసిన సామాను, సొంతంగా చేసుకున్న మార్పులు వచ్చేవాళ్ల నెత్తిన పడతాయి. గోడల మీద చెమ్మ, బూజు ఉన్నాయేమో చూసి ఫొటోలు తీసుకోమనండి. గ్యాస్, కరెంటు తనిఖీ ఎప్పుడు చేస్తారో ఇంటి యజమాని సంస్థను అడగమనండి.

ప్రశ్న: స్కిల్డ్ వర్కర్ వీసాపై వచ్చి ప్రైవేటు ఇంట్లో అద్దెకుంటున్నాం. మేమూ ఇలా మార్చుకోవచ్చా? తెలిసినాయన తన కౌన్సిల్ ఫ్లాట్‌ను మాకు అద్దెకిస్తానంటున్నాడు.
- ఒక జంట, హౌన్‌స్లో

జవాబు: కుదరదు. ఈ మార్పిడి కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ అద్దెదారుల మధ్యే. మీ వీసా మీద సాధారణంగా ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ నిధుల సాయం పొందరాదు) అన్న షరతు ఉంటుంది. ఆ షరతు ఉన్నంతకాలం కౌన్సిల్ ఇల్లు కేటాయించరు. ఇక ఆయన మాట అసలు నమ్మకండి. అనుమతి లేకుండా కౌన్సిల్ ఫ్లాట్ మొత్తాన్ని అద్దెకిచ్చి తాను వేరేచోట ఉండటం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కావచ్చు. కేసు ఆయన మీద పడినా, పిల్లలతో వీధిన పడేది మీరు.

చివరగా అందరికీ ఒక మనవి. మార్పిడికి మనుషులను వెతకడానికి హోమ్‌స్వాపర్ వంటి సేవలున్నాయి. మీ కౌన్సిల్ అందులో చేరి ఉంటే మీకు ఖర్చుండదు. సందేహం వస్తే సిటిజన్స్ అడ్వైస్, షెల్టర్ సంస్థలు ఉచితంగా సలహా ఇస్తాయి. ఎంత మంచి ఇల్లు దొరికినా, ఇద్దరు యజమానుల రాతపూర్వక అనుమతీ చేతికందాకే సామాను సర్దండి.