పొయ్యి వెనక గోడ

విజయవాడ కృష్ణలంకలో ఒక ఇల్లు. పొయ్యి వెనక గోడకు జిడ్డు పట్టింది. సున్నం వేసినా మళ్ళీ నల్లబడింది.

"టైల్స్ వేయిద్దాం అత్తయ్యా" అంది కోడలు.

"30 తెచ్చుకోండమ్మా" అన్నాడు మేస్త్రీ.

అత్త కొత్తగా చదువు నేర్చుకుంది. టేపుతో గోడ కొలిచింది. పొడవు 8 అడుగులు. ఎత్తు 2 అడుగులు.

8 × 2 = 16 చదరపు అడుగులు.

అడుగు పొడవు, అడుగు వెడల్పు టైల్స్ 16 చాలు. పగిలేవాటికి 2 కలిపితే 18.

షాపులో నున్నటి టైల్స్ ఎంచుకున్నారు. వాటి మీద జిడ్డు తడిగుడ్డతో పోతుంది. నేలకు మాత్రం నున్నటివి వద్దు. కాలు జారుతుంది.

టైల్స్ రెండు పెట్టెల్లో ఇచ్చారు. అత్త పెట్టెల మీద షేడ్ నంబర్లు చదివింది. రెండూ వేరు! ఒక పెట్టె మార్పించింది.

"మీరు చదవకపోతే గోడ రెండు రంగులయ్యేది అత్తయ్యా!" అంది కోడలు.

మీ పొయ్యి వెనక గోడ కొలవండి. ఎన్ని టైల్స్ కావాలి?