మిషన్ కొన్నారు సరే, కాగితాలేవి?

ఉలి పట్టడం, బాడితతో చెక్కడం, చిత్రిక పట్టడం నేర్పడానికి వడ్రంగి ఇంట్లో పెద్దవాళ్లుంటారు. తండ్రి పక్కన కూర్చున్న కుర్రాడికి పుస్తకంతో పనిలేదు. మల్టీపర్పస్ మిషన్ సంగతి అలా కాదు. చిత్రిక, మందం తీయడం, రంపపు కోత, బెజ్జం అన్నీ ఒకే బల్ల మీద చేసే ఆ మిషన్ ఏ రాజ్‌కోట్ నుంచో లూధియానా నుంచో లారీలో దిగుతుంది. బిగించడానికి వచ్చినతను ఒక పూట ఉండి, స్విచ్ వేసి చూపించి వెళ్లిపోతాడు. మిగతా విద్యంతా దాంతోపాటు వచ్చిన సన్నపాటి ఇంగ్లిషు పుస్తకంలో ఉంటుంది. బొబ్బిలి అయినా, రాజాం అయినా, ఆమదాలవలస అయినా చాలా షాపుల్లో ఆ పుస్తకం రంపపుపొట్టులో కలిసిపోతుంది. మళ్లీ అది గుర్తొచ్చేది మిషన్ ఆగిపోయిన రోజునే. ఆ రోజు కూలీ డబ్బులూ పోతాయి, తలుపులిస్తామన్న గడువూ దాటిపోతుంది.

కాబట్టి మిషన్‌కి నూనె వేసినంత శ్రద్ధగా దాని కాగితాలనూ చూసుకోవాలి. లేనివి వెతుక్కోవాలి, ఉన్నవి తోటి పనివాళ్లతో పంచుకోవాలి.

ముందు మీ మిషన్ వివరాలు

పుస్తకం వెతికే ముందు మిషన్ మీది నేమ్‌ప్లేటును పొడిగుడ్డతో తుడిచి ఫొటో తీయండి. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, తయారైన ఏడాది, మోటారు హెచ్‌పీ, ఆర్‌పీఎం కనబడాలి. ఆ ఫొటో తయారీదారుకి పంపి మాన్యువల్‌తోపాటు విడిభాగాల బొమ్మ కూడా అడగండి. ఏ నట్టు ఏ వాషరు మీద కూర్చుంటుందో ఆ బొమ్మలోనే తెలుస్తుంది.

తర్వాత బెల్టు, బేరింగు నంబర్లు రాసుకోండి. బెల్టు మీద బి-60 అని ఉంటే, బి అనేది దాని వెడల్పు రకం, 60 అనేది లోపలి చుట్టుకొలత అంగుళాల్లో. బేరింగు మీద 6205 అని ఉంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, మందం 15. చివర 2ఆర్‌ఎస్ అంటే రెండువైపులా రబ్బరు మూత, జెడ్‌జెడ్ అంటే రేకు మూత. పొట్టు ఎగిరే చోట రబ్బరు మూతదే మేలు. ఈ నాలుగు ముక్కలు చీటీ మీద ఉంటే విజయనగరంలోనైనా విశాఖలోనైనా పాత బేరింగు చేత్తో పట్టుకుని షాపుషాపూ తిరగక్కర్లేదు, ఫోన్‌లోనే తేలిపోతుంది.

ఎక్కడ దొరుకుతాయి?

అన్నిటికన్నా దగ్గరిది ఐటీఐ. అక్కడి పాఠ్యపుస్తకాలు తయారుచేసేది చెన్నైలోని నిమి, అంటే నేషనల్ ఇన్‌స్ట్రక్షనల్ మీడియా ఇన్‌స్టిట్యూట్. ‘వుడ్ వర్క్ టెక్నీషియన్’ ట్రేడుకు థియరీ, ప్రాక్టికల్ పుస్తకాలున్నాయి. కేంద్ర ప్రభుత్వ భారత్ స్కిల్స్ సైటులో ఐటీఐ ట్రేడుల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. పుస్తకం ముందు పెట్టుకుని అర్థం కానిచోట మీ ఊరికి దగ్గరి ఐటీఐలో ఇన్‌స్ట్రక్టరుగారిని అడగండి. పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. ఆ శిక్షణకు వెళ్లేవాళ్లు 15,000 రూపాయల పనిముట్ల సాయంతోనే ఆగిపోకుండా అక్కడ ఇచ్చే కాగితాలూ తెచ్చి దాచుకోవాలి.

రెండోది భారతీయ ప్రమాణాల సంస్థ, బీఐఎస్. సైటులో పేరు నమోదు చేసుకుంటే భారతీయ ప్రమాణాలను ఉచితంగా దింపుకోవచ్చు. ఏ పనికి వాడే కలపలో తేమ ఎంతవరకు ఉండొచ్చో ఐఎస్ 287 చెబుతుంది, కలప ఆరబెట్టే పద్ధతి ఐఎస్ 1141లో ఉంటుంది. మన తీరం గాలిలో తేమ ఎక్కువ. సరిగ్గా ఆరని కర్రను మిషన్ ఎంత నున్నగా తీసినా, తలుపు బిగించాక ఎండాకాలంలో సందు విడుస్తుంది. ఖాతాదారు తప్పు మేస్త్రి మీదే పెడతాడు. బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ, ఐడబ్ల్యూఎస్‌టీ, ఇలాంటి విషయాల మీదే పనిచేస్తుంది, శిక్షణలూ ఇస్తుంది.

మూడోది పాత అమెరికన్ సాహిత్యం. జర్మనీలో పుట్టి అమెరికా చేరిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1947లో షాప్‌స్మిత్ అనే అయిదు పనుల మిషన్ తెచ్చాడు. దాని మీద ఆర్.జె. డిక్రిస్టొఫోరో 1953లో రాసిన ‘పవర్ టూల్ వుడ్‌వర్కింగ్ ఫర్ ఎవ్రీవన్’ చాలాసార్లు అచ్చయింది. యజమానుల కోసం కంపెనీ ‘హ్యాండ్స్ ఆన్’ అని పత్రిక కూడా నడిపింది. వీటిలో బొమ్మలు చూసి పద్ధతి నేర్చుకోండి, అంకెలు మాత్రం తీసుకోకండి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడ 1725 తిరిగే నాలుగు పోల్ మోటారు రకం మన దగ్గర 1440 దగ్గర తిరుగుతుంది. పుల్లీ లెక్కలు మారిపోతాయి.

ఇంగ్లిషు రాదని వెనక్కి తగ్గక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ లెన్స్ పేజీని తెలుగులో చూపిస్తుంది. అయితే ‘చేయండి’, ‘చేయకండి’ తారుమారైతే వేళ్లు పోతాయి. హెచ్చరిక పేజీలను మాత్రం చదువుకున్న పిల్లల చేత మరోసారి చదివించుకోండి.

పంచుకోవడం ఎలా?

దీనికి నమూనా శ్రీకాకుళంలోనే ఉంది. కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు తనకు 1995లో వచ్చిన సాహిత్య అకాడమీ పురస్కారం సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న కథల గ్రంథాలయం కథానిలయం తెరిచారు. పాత పత్రికలు దొరికిన చోటల్లా సేకరించి, అసలు దొరకనివాటికి జెరాక్సులు తీయించి, అడిగినవాళ్లకు అందేలా అమర్చారు. కథలకు జరిగిన పని కర్ర మిషన్లకూ జరగొచ్చు. చుట్టుపక్కల మిషన్లున్న నలుగురైదుగురు కలిసి ఒక షాపులో ఒక బీరువా అర కేటాయిస్తే మొదలైనట్టే. ఫోన్ ఫైళ్లకు మాత్రం ‘స్కాన్ 1’, ‘స్కాన్ 2’ అని కాకుండా కంపెనీ, మోడల్, ఏడాది వరసలో పేరు పెట్టండి. లేకపోతే అవసరానికి దొరకవు.

కొన్న పుస్తకాన్ని మొత్తం స్కాన్ చేసి వాట్సాప్‌లో తిప్పడం కాపీరైటు చట్టానికి విరుద్ధం. పుస్తకం చేబదులు ఇవ్వండి, ఉచితంగా దొరికేవాటికి లింకు పంపండి. మీరు సొంతంగా రాసుకున్న నోట్సుకు ఏ అడ్డూ లేదు, నిజానికి ఎక్కువ పనికొచ్చేదీ అదే. “ముక్క సివర గుంట పడిపోతంది మేస్త్రీ, ఏటి సేద్దుం?” అని ఎవరైనా ఫోన్ చేశారనుకోండి. జవాబు చెప్పి ఊరుకోకుండా ఇలా రాసి పెట్టండి:

లక్షణం: చిత్రిక పట్టిన ముక్క చివరి రెండు అంగుళాలు లోతుగా తెగుతోంది.
కారణం: కర్ర బయటికొచ్చే వైపు బల్ల బ్లేడు మొనకన్నా కిందికి ఉంది.
మందు: ప్లగ్ పీకి, ఆ బల్ల మీద తిన్నని స్కేలు పెట్టి, బ్లేడున్న బ్లాకును చేత్తో తిప్పాలి. బ్లేడు స్కేలును రాసీ రాయనట్టు తాకేవరకు బల్ల లేపాలి.
ఏ మిషన్, ఏ తేదీ, ఎవరు సరిచేశారు.

ఇలాంటి పేజీలు ఇరవై చేరితే మీ చేతికి మీ భాషలోనే మాన్యువల్ వచ్చినట్టు.

గ్రంథాలయాన్ని కూడా మరిచిపోవద్దు. మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వెళ్తోంది. నవలలు, పోటీ పరీక్షల పుస్తకాలు కొంటున్నట్టే వడ్రంగం పుస్తకాలూ కొనమని జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ ఇవ్వండి. పది సంతకాలుంటే ఆ అర్జీకి బరువుంటుంది.

మన వడ్రంగి షాపులు చాలావాటికి అమావాస్య సెలవు. వచ్చే అమావాస్యకి నేమ్‌ప్లేటు ఫొటో, బెల్టు బేరింగు చీటీ, మాన్యువల్ కోసం ఒక ఫోన్ అయిపోవాలి. ఆ పై అమావాస్యకి పక్క షాపు మేస్త్రిని పిలిచి, మీ దగ్గరున్నది చూపించి, ఆయన దగ్గరున్నది అడగండి.